నాన్నగారి మడత కత్తి

"డాక్టరు గారూ, మా నాన్నగారికి డెబ్బై నాలుగేళ్ళు. హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. నాలుగు నెలల క్రితం పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కాస్త ముద్దగా వస్తున్నా అర్థమవుతుంది. యాభై ఏళ్ళపాటు ఆయన తన మడత కత్తితో తానే గడ్డం గీసుకున్నారు. ఇప్పుడు చెయ్యి ఆడదు. క్షౌరశాల అతన్ని ఇంటికి పిలిపిస్తానంటే వద్దంటారు. నేను బ్లేడు రేజరు తీసుకువెడితే మొహం తిప్పేసుకుంటారు. 'నా కత్తితో నువ్వు గియ్యిరా' అంటారు. నాకా కత్తి పట్టడమే తెలియదు. నెల రోజులుగా గడ్డం మాసిపోయి ఉంది. చూడలేకపోతున్నాను. నేను నేర్చుకోవచ్చునా? ఎలా నేర్చుకోవాలి?"

ఈ ఉత్తరం రాసినవారు పేరు, ఊరు వెయ్యవద్దన్నారు. గడ్డం గీసుకోవడానికి కూడా డాక్టరు సలహా కావాలా అని కొందరు నవ్వుకోవచ్చు. కాని ఈ ఉత్తరంలో మూడు ప్రశ్నలున్నాయి. మడత కత్తి పట్టడం ఎలా అన్నది మొదటిది. పక్షవాతం వచ్చిన మనిషి ముఖం మీద ఆ కత్తి పెట్టవచ్చునా అన్నది రెండవది. మూడవ ప్రశ్న ఆయన రాయలేదు. కాని అన్నిటిలోకీ అదే పెద్దది. దాన్ని చివర చెబుతాను.

ముందుగా ఒక్క మాటలో జవాబు. నేర్చుకోండి, కాని మీ ముఖం మీద. నాన్నగారి ముఖం మీద మాత్రం ఆ కత్తి పెట్టకండి. ఎందుకో వివరిస్తాను.

కత్తికి కాపలా ఎవరు?

మడత కత్తి అంటే పిడిలోకి మడుచుకుపోయే ఒంటి అంచు ఉక్కు కత్తి. మన ఇళ్ళలో మంగలి కత్తి అనేవాళ్ళు. హైదరాబాదు వైపు ఉస్తరా అంటారు. ఇంగ్లండులో షెఫీల్డు, జర్మనీలో సోలింగెన్ వీటికి పేరుపడ్డ ఊళ్ళు. 1904లో అమెరికాలో కింగ్ క్యాంప్ జిలెట్ బ్లేడు మార్చుకొనే సేఫ్టీ రేజరుకు పేటెంటు పొందాడు. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైనికులకు అటువంటి రేజర్లు పంచిపెట్టారు. అక్కడి నుంచి ఇళ్ళలో మడత కత్తి వెనకబడింది.

రెండింటికీ తేడా ఒక్కటే. సేఫ్టీ రేజరులో బ్లేడు అంచు కొద్దిగా మాత్రమే బయటికి కనబడుతుంది. దాని ముందు కాపలాగా ఒక కడ్డీ ఉంటుంది. మడత కత్తికి ఆ కాపలా లేదు. మీ చెయ్యే దానికి కాపలా. అందుకే ఇది తొందరలో ఉన్నవాళ్ళ పనిముట్టు కాదు. ఆఫీసుకు బస్సు అందుకోవాల్సిన ఉదయం దాని జోలికి పోవద్దు. ఆదివారం పూట, వెలుతురున్న చోట, అద్దం ముందు నిలబడి నేర్చుకోండి.

ఒక కత్తి, ఒక ముఖం

కత్తి ఎంత నున్నగా గీసినా చర్మం పైపొరను కొంత గీరుకుపోతూనే ఉంటుంది. కంటికి కనబడని గాట్లు పడతాయి. నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజులలో ఆపరేషనుకు ముందు రోగి ఒంటి మీద వెంట్రుకలన్నీ కత్తితో నున్నగా గీయించడం శుభ్రతకు గుర్తు. ఆ గాట్లలో సూక్ష్మక్రిములు చేరి చీము పట్టడం ఎక్కువవుతుందని తరువాత తేలింది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషనుకు ముందు కత్తితో గీయవద్దని, తప్పనిసరి అయితే క్లిప్పరుతో కత్తిరించాలని గట్టిగా చెప్పింది. ఆస్పత్రిలోనే అంత జాగ్రత్త అయితే ఇంట్లో ఎంత ఉండాలి?

ఆ గాట్ల నుంచి కంటికి ఆనని రక్తం కత్తికి అంటుతుంది. హెపటైటిస్ బి అనే కామెర్ల వైరస్ ఎండిన రక్తంలో కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. హెపటైటిస్ సి కూడా రక్తం ద్వారా అంటేదే. ఈ రెండూ చాలామందిలో ఏళ్ళ తరబడి ఏ బాధా పెట్టకుండా కాలేయాన్ని లోలోపల తినేస్తాయి. కాబట్టి "మా ఇంట్లో ఎవరికీ కామెర్లు లేవు" అనే ధీమా పనికిరాదు. అన్నదమ్ములైనా, తండ్రీ కొడుకులైనా ఒకే కత్తి వాడకూడదు. క్షౌరశాలలో కూడా మీ కళ్ళ ఎదుటే కొత్త బ్లేడు విరిచి పెట్టమని అడగండి. అడగడంలో మొహమాటం వద్దు.

హెపటైటిస్ బి కి టీకా ఉంది. మొదటి సూది, నెలకు రెండవది, ఆరు నెలలకు మూడవది. పిల్లల టీకాల పట్టికలో అది 2011 నాటికి దేశమంతటా చేరింది. మీ వయసువాళ్ళకు చిన్నప్పుడు పడి ఉండదు. ఒకసారి రక్తపరీక్ష చేయించుకొని, లేకపోతే వేయించుకోండి.

నాన్నగారు ఆ కత్తి వాడి నాలుగు నెలలైంది కనుక దాని మీద వైరస్ బతికి ఉంటుందన్న భయం అక్కరలేదు. సబ్బునీళ్ళతో కడిగి, తుడిచి, స్పిరిట్‌తో మళ్ళీ తుడవండి. మరగబెట్టకండి, పిడి పాడవుతుంది. బ్లీచింగ్ నీళ్ళలో ముంచకండి, ఉక్కు తుప్పు పడుతుంది. ఒకటి గుర్తు పెట్టుకోండి. మీరు మొదలుపెట్టిన రోజు నుంచి ఆ కత్తి మీ ఒక్కరిదే. ఆయన ముఖం మీద అది పెట్టవద్దనడానికి ఇది మొదటి కారణం. పాత బ్రష్షు కూడా పారేసి కొత్తది కొనుక్కోండి.

పదును

మొద్దు కత్తే ఎక్కువ కోస్తుంది. ఇది చాలామందికి వింతగా ఉంటుంది. పదునైన కత్తి తన బరువుతోనే వెంట్రుకను తెంపుతుంది. మొద్దు కత్తిని మీరు నొక్కుతారు. నొక్కితే చర్మంలోకి దిగుతుంది.

అంచు మీద తుప్పు చుక్కలున్నా, గండి పడినా ఇంట్లో బాగుచేయాలని చూడకండి. వీధిలో కత్తులు సానపట్టే చక్రానికి అసలే ఇవ్వకండి. ఆ వేడికి అంచు ఉక్కు మెత్తబడిపోతుంది. నున్నని రాయి మీద నూరడం తెలిసిన పాతకాలపు పనివాడు ఉంటే ఆయన చేత నూరించండి. మీరు నేర్చుకోవలసింది రోజూ తోలుపట్టా మీద తియ్యడం. పట్టాను కొక్కానికి తగిలించి బిగువుగా లాగి పట్టుకోండి. కత్తిని పట్టా మీద బల్లపరుపుగా ఆనించి, వీపు ముందు, అంచు వెనుక నడిచేలా పోనివ్వండి. చివర తిప్పేటప్పుడు వీపు మీదనే దొర్లించాలి. అంచు మీద తిప్పితే పట్టా తెగుతుంది, పదునూ పోతుంది. పోను రాను కలిపి ఒకటిగా లెక్కపెట్టుకుంటూ ఇరవై, ముప్పై సార్లు చాలు. వేగం అక్కరలేదు.

ఈ పని కూడా ఏమరుపాటుగా చెయ్యకూడదు. గాంధీగారు మెచ్చిన అమెరికా రచయిత థోరోకు జాన్ అనే అన్న ఉండేవాడు. 1842 జనవరి మొదటి తేదీన కత్తిని తోలుపట్టా మీద తీస్తూ వేలు కొద్దిగా కోసుకున్నాడు. చిన్న గాయమే కదా అనుకున్నారు. అది ధనుర్వాతంలోకి దిగి, పదకొండవ తేదీన తమ్ముడి చేతులలోనే ప్రాణం విడిచాడు. ఆనాడు దానికి టీకా లేదు. ఈనాడు ఉంది. టి.డి. అనే ఇంజెక్షను పదేళ్ళకొకసారి వేయించుకోవాలి. ఆఖరుసారి ఎప్పుడు వేయించుకున్నారో మీకు జ్ఞాపకం లేకపోతే, కత్తి పట్టే ముందు ఆ పని చూడండి.

ముఖం, పట్టు, వాలు

పొడి గడ్డం గట్టిగా ఉంటుంది. నీళ్ళు పీలిస్తే మెత్తబడుతుంది. అందుకు రెండు మూడు నిమిషాలు పడుతుంది. కాబట్టి స్నానం చేశాక గీసుకోవడం మంచిది. లేదా వేడినీళ్ళలో ముంచి పిండిన తువ్వాలు ముఖానికి కప్పుకోండి. తరువాత బ్రష్షుతో సబ్బు నురగ బాగా పట్టించండి. నురగ ఎండిపోతే మళ్ళీ పట్టించాలి గాని, ఎండిన చోట కత్తి నడపకూడదు.

కత్తిని పిడితో పట్టుకోరు. పిడిని వెనక్కి విప్పి, అలుగుకూ పిడికీ మధ్యనున్న ఉక్కు మెడను పట్టుకోవాలి. మూడు వేళ్ళు మెడ మీద, బొటనవేలు కింద, చిటికెనవేలు వెనుక ఉన్న వంపు తోక మీద. రెండవ చేత్తో చర్మాన్ని బిగువుగా లాగి పట్టాలి. సగం విద్య ఈ రెండవ చేతిలోనే ఉంది. వదులు చర్మం కత్తి ముందు ముడత పడుతుంది, ఆ ముడతే తెగుతుంది.

కత్తి చర్మానికి సుమారు ముప్పై డిగ్రీల వాలులో ఉండాలి. వీపుకూ చర్మానికీ మధ్య ఆ వీపు మందానికి రెండింతల సందు ఉంటే సరిపోతుంది. మరీ పడుకోబెడితే వెంట్రుక పీకుతుంది, మరీ నిలబెడితే చర్మం కోస్తుంది. వెంట్రుక మొలిచిన దిక్కుకే, చిన్న చిన్న గీతలుగా నడపండి. చర్మం మీద ఆనించిన కత్తిని అంచు పొడవునా పక్కకు జరపడం మాత్రం ఎప్పుడూ చెయ్యకండి. కూరగాయలు కోసేది ఆ కదలికతోనే.

మొదటి వారం చెవి పక్క నుంచి దవడ దాకా, చెంపలు మాత్రమే. మిగతాది మీ మామూలు రేజరుతో పూర్తి చెయ్యండి. రెండవ వారం దవడ కింద. చేతికి వాలు తెలిశాకనే మెడ. గడ్డం బొడిపె, పైపెదవి అన్నిటికన్నా చివర. నెలా రెండు నెలలు పట్టినా తప్పు లేదు. ఊదిన బుడగకు నురగ పూసి, అది పగలకుండా నురగ తియ్యడం సాధన చెయ్యడం మంచి పద్ధతి. బుడగ పగిలితే నవ్వుకోవచ్చు.

నున్నదనం కోసం ఎదురు గీత గీయకండి. ముఖ్యంగా ఉంగరాల వెంట్రుకలున్నవారిలో, అలా చర్మం లోపలికి తెగిన వెంట్రుక తిరిగి చర్మంలోనే గుచ్చుకొని మెడ మీద పొక్కులు లేస్తాయి. పొక్కులు, చీముగుల్లలు ఉన్నప్పుడు వారం పది రోజులు గడ్డం వదిలెయ్యండి. అన్నట్టు, గీసిన కొద్దీ గడ్డం దట్టమవుతుందన్నది వట్టి అపోహ.

పని కాగానే కత్తిని కడిగి, పొడిగా తుడిచి, అంచుకు ఒక చుక్క మిషను నూనె రాయండి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇది మరచిపోతే నాలుగు రోజులలో తుప్పు కనబడుతుంది. పిల్లలున్న ఇంట్లో కత్తికి తాళం ఉండాలి.

తెగితే

శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టండి. గడియారం చూసి పది నిమిషాలు. ఆగిందా అని మధ్యలో తీసి చూస్తే మళ్ళీ మొదటికి వస్తుంది. చిన్న గాట్లకు పటిక తడిపి రాయవచ్చు. అది కూడా ఎవరిది వారికే ఉండాలి. కాఫీ పొడి, సున్నం, బూడిద అద్దకండి. గాయం లోతుగా ఉన్నా, పదిహేను నిమిషాలు నొక్కినా రక్తం ఆగకపోయినా, మెడ మీద గాయమైనా నొక్కి పట్టుకొనే ఆస్పత్రికి వెళ్ళండి.

చేతులు వణికేవారు, మూర్ఛ వచ్చేవారు, చూపు ఆననివారు, రక్తం గడ్డకట్టని జబ్బు ఉన్నవారు మడత కత్తి జోలికి పోకూడదు. చక్కెర వ్యాధి అదుపులో లేనివారు కూడా అంతే.

నాన్నగారి ముఖం సంగతి

పక్షవాతం తరువాత చాలామందికి రక్తం సులువుగా గడ్డకట్టకుండా మాత్రలు ఇస్తారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటివి. మీ నాన్నగారి చీటీ తీసి చూడండి. ఈ మాత్రలు వేసుకునేవారికి చిన్న గాటు పడినా రక్తం చాలాసేపు కారుతుంది. గడ్డం కోసమని ఒక రోజు మాత్ర ఆపుదామన్న ఆలోచన మాత్రం రానివ్వకండి. ఆ మాత్రే రెండవసారి పక్షవాతం రాకుండా ఆయనను కాపాడుతున్నది. గడ్డం పెరిగితే ఏమీ కాదు, మాత్ర ఆగితే మనిషికి ముప్పు.

ఇంకొకటి. జబ్బు చేసిన వైపు చెంప జారి ఉంటుంది, స్పర్శ తగ్గి ఉండవచ్చు. తెగినా ఆయనకు తెలియకపోవచ్చు, "అబ్బా" అని వెనక్కి లాక్కోకపోవచ్చు. మనవాళ్ళు నొప్పి అంటారు కాబట్టే మనం చెయ్యి ఆపుతాం. ఆ హెచ్చరిక లేని చోట కాపలా లేని కత్తి పెట్టకూడదు. ఎన్నేళ్ళ అనుభవం ఉన్నవారికైనా నేను ఇదే చెబుతాను.

మరి ఏం చెయ్యాలి? కరెంటుతో నడిచే షేవరు అన్నిటికన్నా క్షేమం. అది లేకపోతే కొత్త బ్లేడుతో సేఫ్టీ రేజరు. ఆయనను వీపుకు ఆనుడు ఉన్న కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టండి. చక్రాల కుర్చీ అయితే బ్రేకు వెయ్యండి. పడుకోబెట్టి చెయ్యకండి. మింగడంలో ఇబ్బంది ఉన్నవారికి నురగ, నీళ్ళు గొంతులోకి జారి దగ్గు, ఊపిరాడకపోవడం వస్తాయి. నురగ పలచగా రాయండి, పెదవుల దగ్గర జారిన లాలాజలం ముందే తుడవండి. జారిన చెంపను మీ రెండవ చేత్తో చెవి వైపుకు సుతారంగా లాగి పట్టుకొని గీయండి. అద్దం ఆయన ఎదుట ఉండాలి.

కొన్నాళ్ళకు షేవరును ఆయన ఎడమ చేతికి ఇవ్వండి. నడకా కూర్చోవడమూ నేర్పినట్టే, తన పని తాను చేసుకోవడం కూడా పక్షవాతం చికిత్సలో భాగం. సగం చెంప వదిలేసినా ఫరవాలేదు. ఆ సగం ఆయన చేసుకున్నారు.

రాయని ప్రశ్న

ఇక మూడవ ప్రశ్న. ఆయన ఎందుకు ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు?

పక్షవాతం వచ్చినవారిలో దాదాపు మూడింట ఒకరికి మనోవ్యాకులత అనే జబ్బు వస్తుంది. అది పట్టుదలా కాదు, ముసలితనపు చాదస్తమూ కాదు. మెదడుకు తగిలిన దెబ్బ వల్ల కొంత, పోగొట్టుకున్న దాని వల్ల కొంత. నిద్ర చెడడం, తిండి మీద మనసు లేకపోవడం, ఊరికే కన్నీళ్ళు పెట్టుకోవడం, ఇష్టమైనవాళ్ళతో కూడా మాట్లాడకపోవడం, స్నానం, బట్టలు, గడ్డం పట్టించుకోకపోవడం రెండు వారాలు దాటితే ఆయనను చూస్తున్న డాక్టరుకు చెప్పండి. చావు మాట ఎత్తితే ఆ రోజే చెప్పండి. దీనికి మందులున్నాయి, కుదురుతుంది. కుదిరితే కాలూ చెయ్యీ వ్యాయామం కూడా మనసుపెట్టి చేస్తారు.

కాని మీ ఉత్తరంలో నాకు ఒక ఆశ కనబడుతున్నది. అందరినీ వద్దంటున్న ఆ పెద్దాయన మిమ్మల్ని మాత్రం "నువ్వు గియ్యిరా" అన్నారు. యాభై ఏళ్ళు తనకు వచ్చిన ఒక విద్య తన చేతిలో నుంచి జారిపోయింది. అది మీకు అప్పగించాలనుకుంటున్నారేమో. పైగా ఆయన హెడ్మాస్టరు.

కాబట్టి ఇలా చెయ్యండి. వచ్చే ఆదివారం ఆయన కుర్చీ అద్దం పక్కకు జరపండి. ముందు ఆయన గిన్నె, వేడి తువ్వాలు సిద్ధం చేసి, సేఫ్టీ రేజరుతో ఆయన గడ్డం తియ్యండి. నా కత్తి ఏదిరా అంటే, "డాక్టరు వద్దన్నాడు నాన్నగారూ, మీరు మింగే మాత్రలకు అది పడదుట" అని నా మీద పెట్టండి. తరువాత ఆ కత్తి తీసి తోలుపట్టా బిగించి, "ఎలా తియ్యాలో చెప్పండి" అని అడగండి. చప్పుడు వినే పట్టు సరిగా ఉందో లేదో ఆయన చెప్పగలరు. కత్తి మీ చెంప మీద ఆనించినప్పుడు వాలు సరిదిద్దుతారు. మాట ముద్దగా వచ్చినా తొందరపెట్టకుండా వినండి. చెయ్యవలసిన చెయ్యి మీది, చెప్పవలసిన నోరు ఆయనది.

మొదటి రోజు మీ చెంప మీద ఒకటో రెండో గాట్లు పడవచ్చు. ఆయన కోప్పడితే పడండి. కోప్పడడం కూడా కోలుకోవడంలో ఒక మెట్టే. గాట్లకు ఏం చెయ్యాలో పైన చెప్పాను.